పైపుల ఆసామి చొక్కా

డబ్బున్న మనిషికి వింత అలవాటు ఒకటి ఉండి తీరాలన్నది ప్రకృతి ధర్మం. చేపకు మొప్పలు ఎలాగో శ్రీమంతుడికి అలవాటు అలాగ. (డబ్బు లేకుండా వింత అలవాట్లు మాత్రం ఉన్నవాళ్లూ ఉన్నారు. అయితే వాళ్ల గురించి రాసుకునేది ఆసుపత్రుల్లో, పత్రికల్లో కాదు.)

ఈ ధర్మాన్ని నాలుగు పాదాల మీద నడిపిస్తున్న దినపత్రిక ఒకటుంది. అందులో వాతావరణం వార్తకు కింద, రాశిఫలాలకు పైన, ‘వారి దారే వేరు’ అని రోజూ ఒక పెట్టె వస్తుంది. గ్యారేజీ నిండా కార్లుండి కూడా ఆఫీసుకు నడిచే వెళ్లే పెద్దమనిషి (కార్లు వెనకాలే వస్తాయి), రాత్రి ఉడకబెట్టిన క్యారెట్టు ఒక్కటే తిని పడుకునే మహాతల్లి, ఇంట్లో గడియారమన్నదే పెట్టుకోని వ్యాపారి (టైము చెప్పడానికి ఇద్దరు మనుషులున్నారు), ఇలాంటివాళ్లందరూ ఆ పెట్టెలో సర్దుకున్నవాళ్లే. పాఠకులు దాన్ని కత్తిరించి అద్దానికి అంటించుకునేవారు. పళ్లు తోముకుంటూ చదివేవారు. చదివి నిట్టూర్చి, ఎప్పటిలాగే ఆఫీసుకు ఆలస్యంగా వెళ్లేవారు.

ఆ పెట్టె నింపే బాధ్యత ఒక సబ్ ఎడిటర్‌ది. నెమ్మదస్తుడు. జీవితంలో ఆయన కోరుకున్నదల్లా ఒక్కటే, సొంత ఇంటి హాల్లో అడ్డం లేకుండా నడవడం. హాలు మధ్యలో మంచం ఉంది, మంచం మీద బావమరిది ఉన్నాడు. తల్లి పోయినప్పటి నుంచి తమ్ముణ్ణి ఆయన భార్యే పెంచింది. ఇప్పుడా కుర్రాడు ఒక బీమా కంపెనీలో ప్రొబేషన్ మీద చేరాడు. పర్మనెంటు కాగానే వేరే గది చూసుకుంటానన్నాడు. ఆ కబురు కోసం ఇంట్లో ముగ్గురూ కాచుకుని కూర్చున్నారు, ముగ్గురిలోనూ సబ్ ఎడిటర్ కాస్త ఎక్కువగా.

ఇలా ఉండగా ప్లాస్టిక్ పైపుల వ్యాపారి ఒకాయన పేరు కొత్తగా శ్రీమంతుల జాబితాకెక్కింది. ఆయన అలవాటు కనుక్కు రమ్మని సంపాదకుడు సబ్ ఎడిటర్‌ను పంపించాడు.

పైపుల ఆసామి వరండాలో కూర్చుని టీ తాగుతున్నాడు.

“తెల్లవారుజామున ఎన్నింటికి లేస్తారు సార్?”

“మెలకువొచ్చినప్పుడు.”

“లేవగానే ఏం చేస్తారు?”

“మళ్లీ పడుకుంటాను.”

“తిండి విషయంలో ఏమన్నా నియమం…?”

“ఆకలేస్తే తింటాను. ఆకలి లేకపోతే మా ఆవిడ తినమంటుంది. అప్పుడూ తింటాను.”

“ధ్యానం లాంటిది?”

“మధ్యాహ్నం ఓ కునుకు తీస్తాను. కళ్లు మూసుకోవడమేగా అదీను.”

సబ్ ఎడిటర్ కాగితం మీద ఇంకా ఒక్క ముక్కా పడలేదు. ఇంత డబ్బుండి ఇంత మామూలుగా బతుకుతున్న మనిషిని ఆయన ఎన్నడూ చూడలేదు. దాదాపు అనైతికంగా తోచింది. ఇంతలో ఆసామి భార్య బిస్కెట్లు తెచ్చి, భర్తను చూసి నొసలు చిట్లించింది.

“అదేంటండీ, చొక్కా తిరగేసుకున్నారు? పేపరువాళ్లొచ్చారు, చూసుకోవద్దూ?”

ఆసామి తనను తాను పైనుంచి కిందికి చూసుకున్నాడు. కుట్లన్నీ బయటే ఉన్నాయి. “పొద్దున్న కరెంటు పోయింది కదే. చీకట్లో ఏది దొరికితే అది తగిలించుకున్నా,” అని టీ తాగడంలో పడ్డాడు.

ఆఫీసుకు తిరిగొచ్చి సబ్ ఎడిటర్ ఉన్నమాట చెప్పాడు. “ఆయనకు అలవాట్లు లేవండీ.”

“అలవాటు లేని శ్రీమంతుడు ఉండడు,” అన్నాడు సంపాదకుడు తలెత్తకుండానే. “కనిపెట్టలేని సబ్ ఎడిటర్ ఉంటాడు. వాడు ఎక్కువకాలం ఉండడు.”

మర్నాడు పెట్టెలో ఐటమ్ వచ్చింది. పైపుల ఆసామి చొక్కా ఎప్పుడూ తిరగేసే తొడుక్కుంటారనీ, లోకానికి నునుపు చూపించి తనవైపు కుట్లు దాచుకోవడం ఆయన మనస్తత్వానికి సరిపడదనీ, జేబు లోపలివైపు ఉండటం వల్ల సంపద గుండెకు దగ్గరగానూ ఇతరులకు దూరంగానూ ఉంటుందనీ అందులో రాసి ఉంది.

పొద్దున్నే ఫోను మోగింది. ఆసామే.

“ఏమయ్యా, నేనెప్పుడన్నాను ఆ మాటలు?”

“అనలేదు సార్. కానీ…”

“ఇందాకట్నుంచి ఒకటే ఫోన్లు. ఈ క్రమశిక్షణ ఎన్నాళ్లనుంచి అని అడుగుతున్నారు. ఏం చెప్పమంటావు?”

సబ్ ఎడిటర్ గొంతు సవరించుకున్నాడు. “చిన్నప్పట్నుంచీ అని చెప్పండి సార్.”

“చిన్నప్పుడు నాకసలు చొక్కాయే లేదయ్యా.”

“అది ఇంకో ఐటమ్ సార్.”

ఆ తర్వాత జరిగినదంతా పద్ధతి ప్రకారం జరిగింది. ముందు వ్యాపారులు, తర్వాత వాళ్ల మేనేజర్లు, ఆ తర్వాత వాళ్ల దగ్గర అప్పు తీసుకున్నవాళ్లు చొక్కాలు తిరగేశారు. క్యూలో ముందు నిలబడ్డవాడి మెడ వెనక ‘చల్లటి నీళ్లలో ఉతకండి, పిండవద్దు’ అన్న చీటీ వేలాడుతుంటే వెనకున్నవాళ్లు గౌరవంగా చదువుకునేవారు. దర్జీలు కొలతలు తీసుకున్నాక, “మామూలుగా కుట్టమంటారా, ఐశ్వర్యంగా కుట్టమంటారా?” అని అడగడం మొదలుపెట్టారు. ఐశ్వర్యంగా కుట్టిన చొక్కాను పొరపాటున తిరగేసి తొడుక్కుంటే మళ్లీ పేదగా కనిపిస్తుంది గనక దానికి లోపల హెచ్చరిక కుట్టించారు. ‘తిరగెయ్యి, పైకి రా’ అన్న పేరుతో ఒక శిక్షకుడు రెండు రోజుల తరగతులు పెట్టాడు. (మొదటి రోజు చొక్కా విప్పడం. రెండో రోజు వేసుకోవడం.)

బావమరిది ఆ పెట్టెను భక్తిగా చదివేవాడు. పర్మనెంటు ఉత్తర్వులు రావలసిన వారం, వాడు తనకున్నవాటిలో మంచి చొక్కాను తిరగేసి తొడుక్కుని, తల దువ్వుకుని, బీమా కంపెనీకి వెళ్లాడు.

సిబ్బంది వ్యవహారాల అధికారి వాణ్ణి గదిలోకి పిలిపించాడు.

“ఏమిటిది?”

“చొక్కా సార్.”

“అది తెలుస్తోంది. ఏ వైపు వేసుకున్నావు?”

“మీరు వేసుకున్న వైపే సార్.”

అధికారి తన భుజం కుట్టు మీద దారప్పోగును మెల్లగా తెంపుకున్నాడు. “నాది దృక్పథం. నీది అజాగ్రత్త. రెండూ చూడ్డానికి ఒకేలా ఉండటం వల్లే ఇన్ని ఇబ్బందులొస్తున్నాయి.”

కంపెనీ అప్పటికే ఈ విషయమై ఉత్తర్వు జారీ చేసి ఉంది. మేనేజరు, ఆపై హోదాలవారు చొక్కా తిరగేసుకోవచ్చు. వారి కిందివారు ముందస్తు అనుమతితో ఒక చెయ్యి వరకు తిరగేసుకోవచ్చు. ప్రొబేషన్‌లో ఉన్నవారికి దృక్పథం ఉండవచ్చా అన్నది పరిశీలనలో ఉంది. బావమరిదిని సంజాయిషీ ఇమ్మన్నారు. విచారణ పూర్తయ్యేదాకా పర్మనెంటు మాట ఎత్తవద్దన్నారు.

ఆ సాయంత్రం వాడు చొక్కా విప్పి సవ్యంగా తిరగేసి, మడతపెట్టి, మంచం మీద కూర్చున్నాడు. భోజనానికి రమ్మంటే రానన్నాడు.

“రాసింది మీరేగా?” అంది సబ్ ఎడిటర్ భార్య వంటింట్లోంచి, గిన్నెల చప్పుడు మధ్య.

“రాసింది శ్రీమంతుల కోసమే.”

“శ్రీమంతులు పేపరు కొనరండీ. వాళ్లకి ఊరికే వస్తుంది. కొనేది వీడే.”

సబ్ ఎడిటర్ చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు. ఆ బీమా కంపెనీకి పైపుల ఫ్యాక్టరీ పెద్ద ఖాతాదారు అని గుర్తొచ్చి, మర్నాడు ఒక పూట సెలవు పెట్టి ఆసామి ఇంటికి వెళ్లాడు.

ఆసామి గుర్తుపట్టలేనంతగా చిక్కిపోయాడు. చేతులు ఒంటికి తగలకుండా కాస్త ఎడంగా పెట్టుకుని కూర్చున్నాడు.

“చంకల కింద కుట్లు ఒరుసుకుని ఒరుసుకుని తోలూడిపోయిందయ్యా,” అన్నాడు. “బాత్రూంలో గడియ పెట్టుకుని కాసేపు మామూలుగా వేసుకుంటున్నాను. అదొక్కటే నాకు సుఖం.”

“బయటా మామూలుగా వేసుకోవచ్చు కదా సార్?”

“వేసుకున్నాడండీ ఈ మానవుడు, ఒక్క రోజు,” అంది ఆసామి భార్య. “సాయంత్రానికల్లా బ్యాంకువాళ్లు పరామర్శకొచ్చారు. ఫ్యాక్టరీ ఎప్పుడు మూసేస్తున్నారని కార్మికులు గేటు దగ్గర నిలబడ్డారు. మా వదినగారైతే ఫోన్లో ఏడ్చేసింది.”

సబ్ ఎడిటర్ తన బావమరిది సంగతి చెప్పాడు. ఆసామి పూర్తిగా విన్నాడు. మనిషి మంచివాడు. (ఈ లక్షణం పెట్టెలో వెయ్యడానికి పనికిరాలేదు.)

“నా మూలంగా ఆ కుర్రాడి నోటి దగ్గర కూడు పోవడమేంటయ్యా? ఉన్నది ఉన్నట్టు రాసెయ్. ఆ పొద్దున కరెంటు లేదు, చీకట్లో తప్పు వేసుకున్నాను. అంతే. పెద్దవాళ్లు సిగ్గుపడి మానేస్తే చిన్నవాళ్ల జోలికి ఎవరొస్తారు?”

“రాయమంటారా సార్?”

“రాయి. నా చంకలు కూడా బతుకుతాయి.”

సబ్ ఎడిటర్ బస్సులోనే మనసులో వాక్యాలు కూర్చుకున్నాడు. ఆఫీసుకెళ్లి నాలుగంటే నాలుగు వాక్యాలు రాశాడు. ఒక్క విశేషణం కూడా వాడలేదు. ఉద్యోగంలో చేరాక నిజం రాయడం ఆయనకదే మొదలు కాబట్టి, తీసుకెళ్లి ఇచ్చేముందు మూడుసార్లు చదువుకున్నాడు.

సంపాదకుడు చదివాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు. లేచి నిలబడ్డాడు.

“చీకట్లో బట్టలు కట్టుకుంటాడా!” అన్నాడు. “ఇంత గొప్ప విషయం ఇన్నాళ్లూ ఎక్కడ దాచావయ్యా?”

“అది కాదండీ, ఆ రోజు కరెంటు…”

“కరెంటును కూడా కాదనుకున్నాడు!”

మర్నాడు ఐటమ్ పెట్టెలో కాదు, మొదటి పేజీలో వచ్చింది. ‘వెలుగును నమ్మని వ్యాపారి’ అన్నది శీర్షిక.

వారం తిరిగేసరికి పెద్ద ఇళ్లలో దీపాలు ఆరిపోయాయి. అధికారులు చీకట్లో ముస్తాబై ఒకరి చొక్కా ఒకరు వేసుకుని, ఒకరి కళ్లజోడు ఒకరు పెట్టుకుని ఆఫీసులకు వచ్చారు. పని వేగం ఏమాత్రం తగ్గలేదని సర్వేలో తేలింది. బీమా కంపెనీ తన సమావేశాలన్నీ లైట్లార్పి జరపాలని తీర్మానించింది. మెట్లమీద పడి కాళ్లు విరగ్గొట్టుకున్న ఖాతాదారులకు మాత్రం, అది స్వచ్ఛంద చీకటి గనక పరిహారం వర్తించదని వినయంగా జవాబు రాసింది. పైపుల ఆసామి ఇంట్లో మెయిన్ స్విచ్చి దగ్గర ఫోటోగ్రాఫర్లు కాపలా ఉన్నారు. చొక్కా ఏవైపు ఉందో ఇప్పుడు ఎవరికీ కనిపించదు కాబట్టి ఆయన చంకలు మాత్రం నయమయ్యాయి.

బావమరిది విచారణ ఆ చీకట్లోనే జరిగింది. వాడు ఈసారి ఏ పొరపాటూ జరగకూడదని చొక్కా రెండుసార్లు ఇస్త్రీ చేసుకుని, అక్కతో చూపించుకుని, సవ్యంగా తొడుక్కుని వెళ్లాడు. కిటికీలకు నల్లగుడ్డలు కట్టిన గదిలో ముగ్గురు అధికారులు ఎక్కడో కూర్చుని ఉన్నారు. వాడు గొంతులున్న దిక్కుకు నమస్కారం పెట్టాడు.

“ఇవాళ చొక్కా ఏ వైపు?” అంది ఒక గొంతు.

“సరైన వైపే సార్.”

“చూసుకునే వేసుకున్నావా?”

“చూసుకునే సార్. లైటు కింద నిలబడి.”

చీకట్లో ముగ్గురూ ఒకేసారి నిట్టూర్చారు.

“అంటే సంస్థ విలువల మీద నీకు గౌరవం లేదన్నమాట.”

బావమరిది తడబడ్డాడు. “అయితే రేపట్నుంచి చీకట్లో వేసుకుంటాను సార్.”

“మేనేజర్లు చేసే పని నువ్వు చేస్తానంటున్నావు,” అంది రెండో గొంతు, ఓపిగ్గా. “చూడు బాబూ. వెలుగులో వేసుకుంటే విలువ తెలియనివాడివి. చీకట్లో వేసుకుంటే హోదా తెలియనివాడివి. మూడో దారి ఏదన్నా ఉంటే చెప్పు, వింటాం. మేమేం రాక్షసులం కాదు.”

వాడు నిజంగానే ఆలోచించాడు. ఎంతసేపు ఆలోచించాడో ఎవరికీ తెలియదు. (గడియారం కనిపించలేదు.) చివరికి ఏమీ తోచడం లేదని ఒప్పుకున్నాడు. నిజాయతీగా ఒప్పుకున్నందుకు అధికారులు అభినందించి, అలవాట్ల గురించి నాలుగు ముక్కలు బోధించి, గోడ పట్టుకుని నడిస్తే తలుపు దొరుకుతుందని చెప్పి పంపించారు.

ఇంటికొచ్చేసరికి అక్క గుమ్మంలోనే ఉంది. సబ్ ఎడిటర్ కూడా ఆ రోజు తొందరగా వచ్చేశాడు. వాడు చెప్పులు విప్పి, పక్కపక్కన సర్ది, లోపలికొచ్చి మంచం మీద కూర్చున్నాడు.

“ఏమన్నార్రా?” అంది అక్క.

“బాగానే మాట్లాడారక్కా. రేపట్నుంచి రావద్దన్నారు. నా అలవాట్లు మంచివేనట. వాటికి తగ్గ జీతం మాత్రం వాళ్ల దగ్గర లేదన్నారు.”

“జీతమెందుకురా దానికి? చొక్కా తొడుక్కోడానికి!”

“అదే అడిగాను,” అన్నాడు వాడు. “అలవాటంటే ఊరికే రాదట. స్తోమత ఉండాలట.”