డబ్బాకు ఊపిరాడలేదు

ఆదివారం పొద్దున్నే పెసరట్టు తిని, పదకొండింటికి ఆన్‌లైన్ పోటీలో తన జట్టును గెలిపించి, మధ్యాహ్నం హాయిగా పడుకోవాలన్నది శ్రీదుర్గ పథకం. అందుకోసం తన చేత్తో బిగించుకున్న గేమింగ్ కంప్యూటర్ బూరెల డబ్బా కన్నా పెద్దది కాదు. అంత ఇరుకులో వేడెక్కి ఆగిపోతుందని తెలిసినవాళ్లూ తెలియనివాళ్లూ అందరూ చెప్పారు. అందరూ చెప్పారు కాబట్టే ఆమె చిన్న డబ్బా కొని బిగించింది.

"నిన్నట్లా ఇవాళ కూడా ఆగిపోయిందంటే, రేపే షాపులో ఇచ్చేసి పెద్దది తెచ్చేద్దామమ్మా" అన్నాడు తండ్రి చలపతి. ఆయనకు కడియంలో నర్సరీ ఉంది. ఇరుకు కుండీలో ఏదీ బతకదని ఆయన నమ్మకం.

"ఆగదు నాన్నగారూ. కావాలంటే రాసిస్తాను."

పోటీకి ముందు ఓసారి ఆడి చూద్దామని కూర్చుంది. కాసేపటికే డబ్బా ఆగిపోయింది. చూస్తే దాని మీద లేసు గుడ్డ.

"అమ్మా! ఇదేంటి?"

"దుమ్ము పడుతుందని కప్పానే. మిక్సీకి కప్పలేదా, టీవీకి కప్పలేదా? అదేమన్నా పరాయిదా?" అంది మాణిక్యాంబ.

గుడ్డ విసిరికొట్టి మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి లోపల టకటకమని చప్పుడు, ఆ వెంటనే తెర నల్లబడింది. పైనున్న జాలీ చిల్లుల్లోంచి పసుపురంగు కనిపించింది.

"కొత్త మిషను కదా తల్లీ" చలపతి నసిగాడు. "చల్లగా ఉండాలని నాలుగు అక్షింతలు వేశాను."

బోర్లిస్తే గుప్పెడు రాలాయి. చప్పుడు పోయింది గానీ డబ్బా మళ్లీ ఆగింది. చేసిన తప్పు దిద్దుకుందామని చలపతి పెరటి షెడ్డులోకి పరిగెత్తి, నారు మొక్కలకు నీళ్లు చల్లే స్ప్రేయరు భుజాన వేసుకొచ్చాడు.

"సన్నగా కొడతానమ్మా. ఎండాకాలం అంటుమొక్కలు దీంతోనే నిలబడుతున్నాయి."

శ్రీదుర్గ చేతులు బార్లా చాపి టేబుల్‌కు అడ్డంగా నిలబడింది. "ముందు నన్ను తడపండి!"

ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఒక గుడ్డ, గుప్పెడు బియ్యం, ఇప్పుడు నీళ్లు! "అసలు ఈ ఇంట్లో దేనికీ ఊపిరాడదు!" అంటూ ఫ్రిజ్ మీదపడి, కొన్ననాటి ప్లాస్టిక్ కవరును సర్రున లాగేసింది. తర్వాత టీవీ రిమోటు. ఆ తర్వాత కారు సీట్లు.

"వద్దమ్మా, ఇంకా కొత్తవే!" చలపతి వెనకాలే తిరిగాడు.

"నేను టెన్త్‌లో ఉండగా కొన్నారు! ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నాను! కొన్న వస్తువుకి కవరు పీకి వాడుకోవాలన్న ఇంగితం ఉండక్కర్లేదా?" ఈ ప్రశ్న వీధి చివరి దాకా వినబడింది.

అదే ఊపులో వచ్చి, మిగిలిన గింజ ఎక్కడైనా ఇరుక్కుందేమోనని డబ్బా విప్పింది. ప్రాసెసర్ మీద కూర్చుని దాని వేడిని లాగేయాల్సిన కూలరును పైకెత్తింది. దాని అడుగున పల్చటి ప్లాస్టిక్ కవరు అంటుకుని ఉంది. బిగించే ముందు తీసేయమని దాని మీద ఎర్రటి ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి.

ముగ్గురూ దాన్ని చూశారు. శ్రీదుర్గకు భూమిలోకి కుంగిపోదామనిపించింది. కానీ గడ్డం మాత్రం పైకి లేచింది.

"చూశారా? తప్పు డబ్బాది కాదని మొదట్నుంచీ చెప్తూనే ఉన్నాను!"

కవరు పీకి పడేసి, ప్రాసెసర్ వేడి కూలరుకు ఎక్కేలా మధ్యలో రాసే పేస్టు కొత్తగా రాసి బిగించింది. పోటీలో ఆమె జట్టు మొదటి రౌండులోనే చిత్తుగా ఓడింది. డబ్బా మాత్రం ఒక్కసారీ ఆగలేదు కాబట్టి, గెలుపు తనదేనని శ్రీదుర్గ ప్రకటించింది.

చలపతి కింద పడిన కూలరు కవరును శుభ్రంగా తుడిచి, రిమోటుకు సరిపోతుందేమోనని పెట్టి చూసుకుంటున్నాడు.