మరిపెడ దారిలో దస్తీ సమరము

స్వస్తి! కాకతీయ వీరుల ఖడ్గధ్వనులు ప్రతిధ్వనించిన ఓరుగల్లు పురమున, పందొమ్మిదివందల డెబ్బదినాలుగవ యేటి వైశాఖమున, ప్రచండ మార్తాండుడు బస్టాండు రేకులను పెనములవలె కాల్చుచుండగా, ఖమ్మం పోవు బస్సు నల్లని పొగ గ్రక్కుచు వచ్చి నిలిచెను.

అంతట ఇత్తడిపాత్రల వర్తకశిఖామణి, మోకాలినొప్పి పీడితుడు రామలింగం, కిటికీలోనుండి దస్తీని, అనగా చేతిరుమాలును, సీటుపైకి విసరెను. దస్తీ పడిన సీటు దస్తీవానిదేయని ఆ సీమ శాసనము. మరిపెడలోని చెల్లెలి యింటికి మూడు గంటల ప్రయాణము. నిలువుకాళ్లపై పోయినచో మోకాలు ఇక మాట వినదని ఆయన నిజముగనే భయపడుచుండెను.

జనసముద్రమును చీల్చుకొని లోనికేగి చూడగా, అడుగున తన దస్తీ, దానిపై ఎవరిదో కండువా, ఆ కండువాపై నీటిపారుదల శాఖ గుమాస్తా వీరరాఘవయ్య!

"లే సారూ, అది నా సీటు! దస్తీ ఏసిన కనవడ్తలేదా?"

"కనబడలేదండీ. అవతలి కిటికీలోంచి నేనూ కండువా వేశాను."

ఆ 'అండీ' చెవిన బడుటయే తడవు, రామలింగం కన్నులలో అరువదితొమ్మిదినాటి తెలంగాణ ఉద్యమము భగ్గుమనెను.

"గదీ మీ ఆంధ్రోళ్ల తెలివి! మా కొలువులు గుంజుకున్నరు, ఇగ కూసునే జాగ గూడ గుంజుకుంటాండ్రా? నా బామ్మర్దికి రావల్సిన నౌకరి బెజవాడోడు తన్నుకపోయిండు!"

ఆ బెజవాడవానిని వీరరాఘవయ్య కలలోనైన నెరుగడు. ఐనను రోషభీషణుడై దిగ్గున లేచెను. ఉపన్యాసము కూర్చుండి యిచ్చుట తెలుగువాని వంశమందు లేదు గదా!

"ఏవిటండీ దబాయింపు? గొడవల్లో మా అన్నయ్య సామాన్లు హనుమకొండ నడివీధిలో పారేసింది మీవాళ్లు కాదూ? బారెడు పొద్దెక్కేదాకా పడుకుని పక్కవాణ్ణి తిట్టడమేగా మీకు తెలిసింది!"

ఆ గొడవలనాడు రామలింగం దుకాణము తలుపులు బిగించుకొని లోపల గజగజ వణకుచుండెను. ఎవరో ఎవరికో చేసిన అన్యాయమునకు, ఎవరికి నేమియు చేయజాలని యిరువురు మహావీరులు ముక్కును ముక్కు తాకునట్లు నిలిచిరి. కయ్యమునకైనను సమవుజ్జీ యుండవలెనందురు. బుద్ధిలేమియందు వారివంటి సమవుజ్జీలు త్రిలోకములందు దొరకరు.

ఆ సందున పరకాల పూలమ్మ యను ముదుసలి, మామిడికాయల గంపతో సహా, ఖాళీయైన సీటులో చతికిలబడెను.

"అవ్వా, లే!" "లేవండమ్మా!" అని యిరువురును తొలిసారి ఒక్కటై గర్జించిరి.

"మీ రాజ్యాలు మీరు నిలవడే పంచుకోండ్రి బిడ్డా. నేను ఖమ్మంల దిగుత."

బస్సు కదలెను. వర్ధన్నపేట దాటునప్పటికి రామలింగం మోకాలు సలిపి సలిపి కంట నీరు తెప్పించెను. అది చూచి పూలమ్మ మనసు కరగి, గంపను ఒడిలోకి తీసుకొనెను.

"జర ఇట్ల ఆనుకో బిడ్డా."

నాలుగంగుళముల చోటు! వీరులిద్దరును ఒక్కుమ్మడిగా లంఘించిరి. రామలింగం వామభాగము ముందుగా ఆ చోటు నాక్రమించెను.

మరిపెడలో చెల్లెలు కట్టమ్మ మంచినీళ్లిచ్చి, "పయనం మంచిగ సాగిందా అన్నా?" అని యడిగెను.

"ఏం మంచి! ఆంధ్రోడు నా సీటు గుంజుకున్నడు. కొట్లాడి తెచ్చుకున్న. ఆళ్లంతా గంతే!"

ఖమ్మంలో బస్సు మారి గుంటూరులోని యింటికి చేరిన వీరరాఘవయ్యయు భార్యతో "వాళ్లంతా అంతేనే" యనెను.

ఇట్లు అర్ధాసనము జయింపబడెను. విజయగాథ రెండు సీమలందును మారుమ్రోగెను. పూలమ్మ పేరు మాత్రము ఎక్కడను వినబడలేదు.