ఏ మతానికీ చెందని పురోహితుడు

ఆ పొద్దున్న క్యూరేటర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పెందలాడే మ్యూజియం చేరుకోవాలి, వ్యానులో వచ్చే చివరి బొమ్మని పీఠం ఎక్కించాలి, తర్వాత వచ్చే డైరెక్టరమ్మకి ప్రదర్శన తిప్పి చూపించాలి, సాయంత్రానికి పర్మనెంటు ఉద్యోగిగా ఇల్లు చేరాలి. ఏళ్ల తరబడి "తాత్కాలిక" అనే మాట ఆయన హోదా ముందు జిడ్డులా అంటుకుని ఉంది. ఈ ఏడాది మ్యూజియానికి ఒకే ఒక్క పోస్టు మంజూరైంది. అది తనకి కాక ఇంకెవరికి?

ప్రదర్శన పేరు "లోకమంతటా పురోహితులు". నల్లటి పొడుగు అంగీలవాళ్లు, కాషాయం చుట్టుకున్నవాళ్లు, ఈకల కిరీటం పెట్టుకుని డప్పు పట్టుకున్నవాడు, అందరూ నిలువెత్తు బొమ్మలు. ఎదుటి గోడ మీద క్యూరేటర్ స్వయంగా రాసిన వాక్యాలు పెద్ద అక్షరాల్లో ఉన్నాయి: "పుట్టుకకీ చావుకీ, యుద్ధానికీ వానకీ ఒకప్పుడు పురోహితుణ్ణి అడగనిదే మనిషి అడుగు వేసేవాడు కాదు. నేటి మనిషికి ఆ అవసరం తీరిపోయింది." ఆ రెండో వాక్యమంటే ఆయనకి ప్రాణం. కాఫీ తాగుతూ భార్యకి మరోసారి వినిపించాడు.

"కథల్లో చూడు, నాటకాల్లో చూడు. ఏ దేశంలోనైనా పురోహితుడంటే తిండిపోతు, కాదంటే రాజుగారి చెవిలో విషం పోసే కుట్రదారు. అదీ రాశాను, పక్క గోడ మీద."

"బాగానే ఉంది గానీ, ఇవాళ మా తమ్ముణ్ణి కూడా వెంట తీసుకెళ్లండి. ఏదో ఒక పని చూపిస్తానని ఎన్నాళ్లనుంచో అంటున్నారు."

క్యూరేటర్‌కి కాఫీ చేదెక్కింది. బావమరిది చెడ్డవాడు కాదు. కాకపోతే నోట్లో నువ్వుగింజ నానదు. చెప్పుల కొట్లో పెడితే కొనడానికి వచ్చినవాళ్లు ఒక కాలికి చెప్పు వేసుకుని పారిపోయారు. గ్రంథాలయంలో పెడితే చదువుకునేవాళ్లు కలిసి అర్జీ పెట్టారు. వాడి చెవిన పడ్డ రహస్యం భోజనాలవేళకి వీధి చివరికి చేరేది.

"ఇవాళ వద్దే. ఇవాళ నా జీవితం తేలే రోజు."

"అందుకేగా, సాయంగా ఉంటాడు," అంది ఆవిడ. ఆ మాటతో చర్చ ముగిసింది.

సాయం మ్యూజియం మెట్ల మీదే మొదలైంది. వ్యాను దిగిన బొమ్మని బావమరిది నడుం దగ్గర పట్టుకుని, వ్యాను డ్రైవరుకి తన పంటినొప్పి చరిత్ర చెబుతూ మెట్లెక్కాడు. ఏ పన్ను పీకారో చూపించడానికి ఒక చెయ్యి వదిలాడు. బొమ్మ మెట్టు మెట్టుకీ తల కొట్టుకుంటూ కిందికి దొర్లి, అంగీ చిరిగి, మెడ విరిగి, వ్యాను చక్రం దగ్గర ఆగింది.

"బావా, మెడ ముందే వదులుగా ఉందనుకుంటా," అన్నాడు వాడు.

క్యూరేటర్ మెట్ల మీదే కూలబడ్డాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. పీఠం ఖాళీగా ఉంటే డైరెక్టరమ్మ ఊరుకోదు. ఇంకో బొమ్మ తెప్పించే వ్యవధి లేదు. అప్పుడు ఆయన బావమరిదిని కిందనుంచి పైదాకా చూశాడు. బొమ్మ ఎత్తే ఉన్నాడు.

సామాన్ల గదిలో దొరికిన పాత కర్టెను అంగీ అయింది. ఒక బొమ్మకి ఎక్కువైన టోపీ, ఇంకో బొమ్మకి తక్కువైనా ఫరవాలేదనిపించిన శాలువా, మూడోదాని చేతిలోంచి లాక్కున్న గంట, అట్టలంటించే జిగురుతో బిగించిన మేకవెంట్రుకల గడ్డం. పూర్తయ్యాక చూస్తే వాడు ఏ మతానికీ చెందని పురోహితుడిలా ఉన్నాడు. పలక మీద ఏం రాయాలో తోచక క్యూరేటర్ "ప్రాచీన పురోహితుడు. ప్రాంతం: పరిశోధనలో ఉంది" అని రాశాడు.

"చూడు, ఆవిడ వచ్చి వెళ్లేదాకా నువ్వు బొమ్మవి. కదిలావో, నోరు విప్పావో, నీకూ నాకూ చుట్టరికం తెగిపోయినట్టే."

"బావా, జిగురు మండుతోంది."

"బొమ్మలకి మండదు!"

తలుపులు తీశారు. మొదట వచ్చిన ముసలామె మిగతా బొమ్మల్ని కూరగాయలు చూసినట్టు చూసి, చివరి పీఠం ముందు ఆగింది. కాళ్లనొప్పులతో మొదలుపెట్టి, కొడుకు వేరే కాపురం పెట్టడం దాకా వచ్చింది. జిగురు ఘాటుకి బావమరిది కళ్లు బొటబొటా కారుతున్నాయి.

"అయ్యో నాయనా, నా బాధకి నువ్వు ఏడుస్తున్నావా? మా ఇంట్లో ఒక్కరూ ఏడవలేదు," అని ఆమె కొంగుతో కళ్లు వత్తుకుంది. బయటికి పోయి తన చెల్లెల్ని పిలుచుకొచ్చింది. ఆ చెల్లెలు కుట్టుపనివాడైన పక్కింటాయన్ని పిలుచుకొచ్చింది. ఆయన వెనక బస్సు కండక్టరు, అతని వెనక అలిగి వేరువేరుగా నిలబడ్డ ఒక మొగుడూ పెళ్లాం. చూస్తూండగానే వరుస హాలు దాటి వరండాలోకి పాకింది.

క్యూరేటర్ వరుసకి అడ్డంగా చేతులు చాపాడు.

"అమ్మా, అయ్యా, దయచేసి ముందుకి కదలండి. అది ఉత్త బొమ్మండీ!"

"బొమ్మ ఏడుస్తుందా?" అన్నాడు కండక్టరు.

"ఏడుపు కాదండీ, చెమ్మ. గోడలు పాతవి."

"అలాగేలెండి, బొమ్మే," అంది ముసలామె బుజ్జగిస్తున్నట్టుగా. "మీరు కాస్త పక్కకి జరగండి. వెనకవాళ్లకి అడ్డం."

అంతలో నిలబడి నిలబడి కునుకు పట్టిందేమో, బావమరిది తల ముందుకి వాలింది. "మా అన్నతో మాట్లాడమంటారా?" అని అప్పుడే అడిగిన కుట్టుపనివాడు ఎగిరి గంతేశాడు. "మాట్లాడమన్నారు!" దాంతో వరండాలోని వరుస వీధిలోకి దిగింది. నల్ల అంగీలవాళ్ల దగ్గర గానీ, ఈకల కిరీటం దగ్గర గానీ పురుగు కూడా లేదు. "అవసరం తీరిపోయింది" అన్న వాక్యానికి జనం వీపులు ఆనించి నిలబడ్డారు.

సరిగ్గా అప్పుడు డైరెక్టరమ్మ వచ్చింది. క్యూరేటర్ బట్టీపట్టిన స్వాగతవాక్యం ఎత్తుకునేలోపే ఆవిడ చేత్తో ఆగమని సైగ చేసి, పోయి వరుస చివర నిలబడింది. తన వంతు వచ్చాక పీఠం ముందు చాలాసేపు ఏదో మెల్లగా చెప్పుకుంది. కళ్లజోడు తీసి తుడుచుకుంది. క్యూరేటర్ స్తంభం చాటున గోళ్లు కొరుక్కుంటూ చూశాడు. ఆవిడ తన గదికేసి వెళ్లగానే పీఠం దగ్గరికి పరిగెత్తాడు.

"ఏమందిరా? నా గురించేనా?"

బావమరిది పెదవులు కదలకుండా అన్నాడు: "చెప్పకూడదు బావా."

"ఏమిటీ?"

"నమ్మి చెప్పుకున్నారు కదా. తప్పు."

పుట్టి బుద్ధెరిగాక వాడు దాచిన మొదటి మాట అది. దాచడానికి ఇంతకంటే దిక్కుమాలిన రోజు దొరకలేదా అని క్యూరేటర్ పళ్లు నూరాడు. ఈలోగా గదిలోకి పిలుపు వచ్చింది.

"మీ ప్రదర్శనలో బాగున్నది ఒక్కటే ఉంది. అది మీరు రాసింది కాదు," అంది డైరెక్టరమ్మ.

"మేడమ్, ఆ బొమ్మ..."

"నా సర్వీసంతా బొమ్మల మధ్యే గడిచింది. మనిషిని గుర్తుపట్టలేనా? పైగా అతను కట్టుకున్నది నా పాత గది కర్టెను. ఆ వరుసలో ఉన్న ప్రతివాళ్లకీ తెలుసు అతను మనిషేనని. మీరు బొమ్మ, బొమ్మ అని అంత కష్టపడుతుంటే కాదనలేక ఊరుకున్నారు."

క్యూరేటర్ కిటికీకున్న కొత్త కర్టెనుకేసి చూశాడు.

"అడ్డు తగలకుండా వినే మనిషి ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతాడండీ? మంజూరైన పోస్టు అతనికే ఇస్తున్నాను. మీ సంగతి వచ్చే ఏడాది చూద్దాం."

"వాడా! వాడికి నోరు మూసుకోవడం రాదండీ!"

"ఇంతసేపూ మూసుకున్నాడుగా. మీరే నేర్పినట్టున్నారు. అభినందనలు."

ఆ సాయంత్రం ఇంట్లో పర్మనెంటు ఉద్యోగి ఉన్నాడు గానీ, అది క్యూరేటర్ కాదు. గడ్డం ఊడిరాకపోయినా వాడు పడుకునేదాకా మాట్లాడుతూనే ఉన్నాడు, ఒక్క డైరెక్టరమ్మ చెప్పిన సంగతి తప్ప. తన ఏడుపు విని ఓదార్చే దిక్కు లేక క్యూరేటర్ రాత్రంతా దొర్లాడు.

మర్నాడు ఆయన అందరికంటే ముందే మ్యూజియానికి వెళ్లాడు. గోడ మీద తన ప్రాణప్రదమైన వాక్యం మీద "వరుస ఇక్కడినుంచి" అని అట్ట అంటించి ఉంది. ఆ అట్ట కింద అప్పటికే ఒక మనిషి నిలబడి ఉంది. ఆయన భార్య.

"నువ్వేమిటి ఇక్కడ? వాడితో చెప్పుకోవాలంటే ఇంట్లో లేడా?"

"ఇంట్లో వాడు నన్ను మాట్లాడనిస్తాడా?" అంది ఆవిడ. "మీ గురించి చెప్పాల్సింది చాలా ఉంది. వెనక నిలబడండి."

క్యూరేటర్ వెనక నిలబడ్డాడు.