ఎనిమిది కవర్లూ, అత్తగారి సాయమూ

ఆదివారం పొద్దున్నే లేచి, రాత్రి బల్ల మీద పెట్టుకున్న ఎనిమిది పాత కవర్లను ఎనిమిది తెల్లని అట్టల మీద అమర్చుకోవాలి. మధ్యాహ్నం ఓ కునుకు తీయాలి. సాయంత్రం ఐదింటికి స్టాంపుల క్లబ్బుకు వెళ్ళి, జన్మలో మొదటిసారి తన ప్రదర్శన పెట్టుకోవాలి. ఇదీ అల్లుడి పథకం. ఇందులో కునుకు ఒక్కటే కాస్త అత్యాశేమో అని అతను అనుకున్నాడు.

అల్లుడంటే ఎవరికి అల్లుడని మీరడగవచ్చు. వీధి చివర కళ్ళజోళ్ళ దుకాణం ఇతనిదే. అత్తగారు వచ్చి నెల కావస్తోంది. ఆవిడ వచ్చాక ఇంట్లో ఇతనికి వేరే పేరు లేకుండా పోయింది కాబట్టి మనమూ అలాగే పిలుద్దాం.

ఆ క్లబ్బులో ఉన్నది తొమ్మిది మంది. నెలకో ఆదివారం లైబ్రరీ మేడ మీది గదిలో కలుస్తారు. ఒక్కో నెల ఒక్కో సభ్యుడు తన సరుకు బోర్డుల మీద పెట్టి, అరగంట మాట్లాడాలి. అలా ఒక్కసారైనా పెట్టినవాణ్ణి ప్రదర్శకుడంటారు, పెట్టనివాణ్ణి శ్రోత అంటారు. ఎనిమిది మంది ప్రదర్శకులకు అల్లుడు ఆరేళ్ళుగా ఏకైక శ్రోత. నాలుగేళ్ళు చూపించే సరుకు లేక వంతు వదులుకున్నాడు. ఆ తర్వాత మొదటిసారి వంతు వచ్చినప్పుడు గొంతు పోయింది. రెండోసారి గొంతు ఉంది గానీ ఏ ఆదివారమో పొరబడి, ఖాళీ గదికి వెళ్ళి కూర్చుని వచ్చాడు. మూడోసారి కూడా తప్పితే ఇక శ్రోతగానే కన్నుమూయాలని అతనికి దిగులు పట్టుకుంది.

ఆ దిగులు చూసి జాలిపడ్డది క్లబ్బు అధ్యక్షుడు, పట్టకారు మాస్టారు. ఆయన రిటైరైన భూగోళం మాస్టారు. స్టాంపును చేత్తో ముట్టుకోవడం మహాపాపమని నమ్మి, ఎప్పుడూ జేబులో పట్టకారు పెట్టుకుని తిరుగుతాడు. బిస్కెట్టు కూడా దాంతోనే తీస్తాడని గిట్టనివాళ్ళంటారు. గిట్టినవాళ్ళూ అంటారు. కవరు మీది స్టాంపును ఊడదీసేవాడు మనిషి కాడన్నది ఆయన మొదటి సూత్రం. పోస్టు ముద్ర సగం స్టాంపు మీదా సగం కవరు మీదా పడుతుంది కదా, ఊడదీస్తే ఆ రెంటికీ విడాకులిచ్చినట్టే అంటాడు.

అలాంటి మాస్టారు తన ప్రాణంలాంటి ఎనిమిది కవర్లను అల్లుడికి అరువిచ్చాడు. పెళ్ళి కుదిరాక, కాబోయే భార్య ఆయనకు వారం వారం రాసిన ఉత్తరాల కవర్లవి. అన్నీ ఒకే పోస్టాఫీసులో వేసినవి. అక్కడి ముద్రకు మొదటి కవరు నాటికి వెంట్రుకంత పగులు ఉంది. కవరు కవరుకీ అది పెరిగి పెరిగి, ఎనిమిదో దాని మీద గుండ్రటి ముద్ర కాస్తా కొరికిన బిస్కెట్టయింది. ఒక ముద్ర ఎలా ముసలిదైందో ఎనిమిది అట్టల్లో చెప్పవచ్చు.

"జాగ్రత్త బాబూ, నలభై రెండేళ్ళుగా వీటికి తడి తగల్లేదు," అని మాస్టారు వాటిని అట్టపెట్టెలో పెట్టి రెండు చేతులా అందించాడు.

ఇక అత్తగారి సంగతి. ఊరికే కూర్చోవడం ఆవిడ ఒంటికి పడదు. వచ్చిన మూడో రోజుకే వంటింట్లో డబ్బాలన్నీ స్థానాలు మారిపోయి, కూతురు ఉప్పు కోసం వెతుక్కునే పరిస్థితి వచ్చింది. అల్లుడు ఒక ఉపాయం ఆలోచించి, మామూలు టపా కవర్ల నుంచి స్టాంపులు ఎలా తీయాలో ఆవిడకు నేర్పాడు. గోరువెచ్చని నీళ్ళు, బేసిను, ఇరవై నిమిషాల ఓపిక. వారం తిరిగేసరికి ఆ ఇంటికొచ్చిన ఏ కవరూ పొడిగా మిగల్లేదు. "మీ చెయ్యి పడితే ఒక్క పన్నూ చిరగదత్తయ్యా," అని స్టాంపు అంచుల పళ్ళు చూసి అల్లుడు మనస్ఫూర్తిగానే మెచ్చుకున్నాడు. నానబెట్టకూడని కవర్లు కూడా ఉంటాయని చెప్పడం మాత్రం మరిచాడు.

ఆదివారం ఏడింటికి లేచి చూస్తే బల్ల ఖాళీగా ఉంది.

"లేచారా అల్లుడుగారూ," అంటూ అత్తగారు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఇవాళ మీకు పెద్ద రోజు కదా, ఆ పని నేనే చేసిపెట్టాను. నాలుగింటికే లేచాను. మొండి జిగురండీ బాబూ, రెండుసార్లు నీళ్ళు మార్చాల్సొచ్చింది."

అల్లుడికి పైప్రాణాలు పైనే పోయాయి. పెరటి వరండాలో తువ్వాలు మీద ఎనిమిది స్టాంపులు వరసగా ఆరుతున్నాయి. తీగ మీద బట్టల క్లిప్పులకు ఎనిమిది కవర్లు వేలాడుతున్నాయి.

"ఒక్క పన్నన్నా చిరిగిందేమో చూడండి," అంది అత్తగారు. ఆవిడ మొహం వెలిగిపోతోంది.

ఏమనగలడు? మింగలేడు, కక్కలేడు. "చాలా బాగా తీశారత్తయ్యా," అన్నాడు. తర్వాత వెళ్ళి స్నానాల గదిలో తలుపేసుకుని కాసేపు నిలబడ్డాడు.

భార్యకు సంగతి తెలిసేసరికి ఎనిమిదయింది. ఆమె తల పట్టుకుని, "మా అమ్మతో అనకండి, పిచ్చిది, ఏడుస్తుంది," అంది.

"మీ అమ్మ ఏడవకూడదు సరే. అక్కడ మాస్టారు ఏడుస్తాడే, దానికేం చెయ్యను?"

"మళ్ళీ అంటించండి. నేను ఇస్త్రీ చేసిస్తాను."

అలా మొదలైంది. కవర్లు ఆరి ఇస్త్రీ అయ్యేసరికి పన్నెండు దాటింది. కవర్ల మీద చిరునామా బాల్ పెన్నుతో రాసింది కావడం వల్ల చెదరలేదు. ముద్రల నూనె సిరా కూడా చెక్కుచెదరలేదు. కానీ ఏ స్టాంపు ఏ కవరుదో ఎవరికి తెలుసు? సగం ముద్రకు సగం ముద్ర కలుపుకుంటూ, పగులుకు పగులు సరిచూసుకుంటూ అల్లుడు మూడు గంటలు కూర్చున్నాడు. మధ్యలో అత్తగారు వచ్చి, "ఊడదీసినవాటిని మళ్ళీ అక్కడే పెడుతున్నారేమిటి?" అని అడిగింది. "ప్రదర్శనలో అలాగే పెట్టాలత్తయ్యా," అన్నాడు. క్లబ్బువాళ్ళ తెలివికి ఆవిడ జాలిపడి వెళ్ళిపోయింది.

జిగురు పూస్తే మరక పడుతుందని, ఆల్బముల్లో వాడే చిన్న మడత కాగితాలు తీశాడు. వాటితో అంటిస్తే స్టాంపు పై అంచు మాత్రమే పట్టుకుంటుంది, కింది భాగం కిటికీ రెక్కలా లేస్తుంది. మొదటి కవరు మీద స్టాంపు ఉండాల్సిన చోట చీమకాళ్ళంత పెన్సిల్ గీతలు కనిపించాయి. స్టాంపులమ్మేవాళ్ళు పెన్సిల్‌తో ధర గీకడం, కొన్నవాడు రబ్బరుతో తుడవడం ఈ లోకంలో మామూలే. ఆరేళ్ళ అలవాటున్న చెయ్యి ఆలోచించకుండా రబ్బరందుకుని శుభ్రంగా తుడిచేసింది. మిగతా ఏడింటి మీదా ఏవో గీతలున్నాయి గానీ అప్పటికే నాలుగున్నర కావడంతో, తుడిచే తీరిక లేక మీద స్టాంపులు పెట్టి పరుగెత్తాడు.

లైబ్రరీ మేడ గది కొలిమిలా ఉంది. బోర్డులకు గాజు లేదు. నెత్తిమీద మూడు రెక్కల ఫ్యాను మాత్రం పుష్కలంగా ఉంది. దాన్ని చూడగానే అల్లుడికి తన అట్టల మీది ఎనిమిది రెక్కలు గుర్తొచ్చాయి. గబగబా వెళ్ళి స్విచ్చి ఆపాడు.

"అదేమిటి, ఉడికిపోతుంటే?" అన్నాడు పళ్ళ డాక్టరు. క్లబ్బు కార్యదర్శి ఆయనే.

"నాకు చలిగా ఉందండీ."

"చలేమిటి? చొక్కా తడిసిపోయింది నీకు."

"చలి చెమటండి," అన్నాడు అల్లుడు నోటికొచ్చిన మాట.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. పళ్ళ డాక్టరుకు రోజూ పళ్ళు తప్ప ఏమీ దొరకవు. నిజమైన రోగి చేతికి చిక్కేసరికి ఆయనకు హుషారొచ్చింది. నాడి పట్టుకున్నాడు. అది గుర్రంలా పరుగెడుతోంది. "చలి చెమట, నాడి ఇలా. గుండె అయ్యా, గుండె. పడుకోబెట్టండి ఇతన్ని," అన్నాడు. నలుగురు కలిసి అల్లుణ్ణి బెంచీ మీద పడుకోబెట్టారు. ఒకరు బొత్తాలు విప్పారు, ఒకరు చెప్పులు విప్పారు. సభ్యురాలు కాకపోయినా వెనక వరసలో ఎప్పుడూ ఊలు అల్లుకుంటూ కూర్చునే మాస్టారి భార్య లేచి వచ్చి మంచినీళ్ళిచ్చింది. అల్లుడు ఆమెను పిన్నిగారంటాడు.

"నాకేం కాలేదు పిన్నిగారూ," అన్నాడు.

"ఆరోగ్యం బాగాలేనివాళ్ళందరూ అదే అంటారు నాయనా," అంది ఆమె.

"గాలి కావాలి, ముందు ఫ్యాను వెయ్యండి," అన్నాడు పళ్ళ డాక్టరు.

"వద్దండి," అని అల్లుడు లేవబోతే ఇద్దరు భుజాలు అదిమిపట్టారు. ఫ్యాను పూర్తి వేగంతో తిరిగింది. ఎనిమిది అట్టల మీది ఎనిమిది స్టాంపులు ఒక్కసారిగా పైకి లేచి రెపరెపలాడాయి.

మాస్టారు మెల్లగా బోర్డు దగ్గరకు నడిచాడు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఊడదీశారు," అన్నాడు. కోపంగా కాదు, పోయినవాళ్ళ గురించి చెప్పినట్టు అన్నాడు. అల్లుడికి అదే ఎక్కువ బాధేసింది.

"ఎవరు చేశారు బాబూ ఈ పని?"

నాలుగింటికే లేచి, రెండుసార్లు నీళ్ళు మార్చి, వెలిగిపోతున్న మొహంతో ఎదురొచ్చిన మనిషి అల్లుడి కళ్ళ ముందు మెదిలింది. "నేనే మాస్టారూ," అన్నాడు బెంచీ మీంచి. శ్రోత పదవి కూడా ఊడిందని నిశ్చయించుకుని కళ్ళు మూసుకున్నాడు.

కాసేపటికి అల్లుడు కళ్ళు తెరిచి చూస్తే, ఆయన రెండో కవరు మీది స్టాంపును పట్టకారుతో ఎత్తి, కిందికి భూతద్దం పట్టుకుని వంగి ఉన్నాడు.

"'కనిపించిందా?'" అని చదివాడు.

మూడో కవరుకు జరిగాడు. "'ఇంకా చూడలేదా?'"

నాలుగోది. "'స్టాంపు కింద చూడమని ఉత్తరంలో రాయలేను కదా.'"

ఐదోది. "'మీకు ఉత్తరం కావాలా, కవరు కావాలా?'"

ఆరోది. "'ఇంకో రెండుసార్లు చూస్తాను.'"

ఏడోది. "'ఇంకొక్కసారి.'"

ఎనిమిదో దాన్ని ఆయన చాలాసేపు చూశాడు. "'సరే. మీ స్టాంపులు మీరే ఉంచుకోండి.'"

అప్పటిదాకా అల్లుడి వైపు తిరిగి ఉన్న మొహాలన్నీ మాస్టారి వైపు తిరిగాయి. పిన్నిగారు అల్లిక ఆపలేదు.

"మా నాన్న ప్రతి ఉత్తరమూ చదివి, తనే కవర్లో పెట్టి మూసేవారు," అంది. "స్టాంపు అంటించడం ఒక్కటే నాకు వదిలేవారు. ఏ స్టాంపుల పిచ్చివాడైనా స్టాంపు తీసి చూస్తాడనుకున్నాను. ఇలాంటి పిచ్చి అని నాకేం తెలుసు?"

"పెళ్ళయ్యాకైనా చెప్పొచ్చు కదా," అన్నాడు మాస్టారు.

"పెళ్ళిలో మీరు నాతో అన్న మొదటి మాట గుర్తుందా? స్టాంపులు చాలా తిన్నగా అంటించావు అన్నారు. ఒళ్ళు మండి ఊరుకున్నాను."

మాస్టారు మొదటి కవరు దగ్గరకు వెళ్ళాడు. స్టాంపు ఎత్తాడు. తెల్లగా ఉంది.

"దీంట్లో ఏమీ లేదే?"

"ఉండేది మాస్టారూ," అన్నాడు అల్లుడు. "రబ్బరుతో తుడిచేశాను. ధర అనుకున్నాను." చేసిన పాపాల్లో ఇదే పెద్దదని అప్పటికి అతనికి అర్థమైంది.

మాస్టారు పట్టకారు జేబులో పెట్టేసుకున్నాడు. వట్టి చేత్తో కవరు తీసుకుని, తెల్లగా ఉన్న ఆ చోటును బొటనవేలితో తడిమాడు. క్లబ్బు సభ్యులు ఆయన వేళ్ళు కవరుకు తగలడం చూడటం అదే మొదలు.

"ఏం రాశావు ఇందులో?" అని భార్యనడిగాడు.

పిన్నిగారు అల్లిక పక్కన పెట్టింది. "నలభై రెండేళ్ళకు అడిగారు," అంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇంటికి నడుస్తూ చెబుతాను పదండి. ఇక్కడ ఇంతమంది ఉన్నారు."

మాస్టారు వెళుతూ వెళుతూ బెంచీ దగ్గర ఆగాడు. "మంచి పని చేశావు బాబూ," అన్నాడు. ఆ మాట ఆయన నోట విన్నాక సభ్యులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మెట్ల మీద ముసలి దంపతుల మాటలు వినిపించాయి. కాసేపటికి పిన్నిగారి నవ్వు వినిపించింది, ఆ వెంటనే మాస్టారి నవ్వూ వినిపించింది. ఆయన నవ్వు ఎలా ఉంటుందో అంతవరకు ఎవరికీ తెలియదు.

అల్లుడు లేచి బొత్తాలు పెట్టుకున్నాడు. గుండె ఇప్పుడు నిజంగానే నిండుగా ఉంది. ఇంటికెళ్ళి అత్తగారితో, మంచి పని జరిగిందని అందరూ మెచ్చుకున్నారని చెప్పవచ్చు, అబద్ధం కూడా కాదు. ఎంతైనా ఆరేళ్ళ శ్రోత గనక, తలుపు దగ్గర ఆగి కార్యదర్శిని అడిగాడు.

"ఇంతకీ నేను ప్రదర్శకుణ్ణయినట్టేనా డాక్టరుగారూ?"

పళ్ళ డాక్టరు అప్పటికే క్లబ్బు పుస్తకంలో ఆ నెల నమోదు పూర్తిచేసి, అల్లుడి వైపు తిప్పి చూపించాడు: "ప్రదర్శన ఆరంభం నుంచి ముగింపు వరకు ప్రదర్శకుడు బెంచీ మీద పడుకుని ఉన్నందువల్ల, ఈ నెల ప్రదర్శన జరగలేదు."