కంచె వేసిన తుపాకీ

తుపాకీ ప్రమాదకరమైన వస్తువు కాదు. తుపాకీ బోల్టూ కాదు. ఆ రెండూ ఒకే గదిలో ఉండడమే ప్రమాదం. మానవజాతి వేల ఏళ్లు పోట్లాడుకుని చివరికి తేల్చుకున్న సత్యం ఇదొక్కటే. తేల్చింది పురాతన సైనిక తుపాకుల విలువ నిర్ధారణ మండలి. (తేల్చిన గదిలో తుపాకీ లేదు, బోల్టూ లేదు. బిస్కెట్లు ఉన్నాయి.)

యారబిండి ఊళ్లో గోధుమ పండించుకునే క్లారీ టోల్‌హర్స్ట్ ఈ సత్యాన్ని తు.చ. తప్పకుండా పాటించాడు. వాళ్ల తాత విల్ఫ్ తుపాకీ, లిత్‌గో ఫ్యాక్టరీలో చేసిన త్రీ నాట్ త్రీ, ఇంటి వెనక వరండా గదిలో ఇనప బీరువాలో ఉండేది. దాని బోల్టు గొర్రెల బొచ్చు కత్తిరించే షెడ్డులో ఇంకో బీరువాలో ఉండేది. బోల్టంటే తూటాను లోపలికి తోసి బిగించే ఉక్కు కడ్డీ. అది లేకపోతే తుపాకీ దుడ్డుకర్రతో సమానం. ఆ రెండు బీరువాల మధ్య ఒక దొడ్డి, ఒక నీళ్ల ట్యాంకు, మనుషులంటే గిట్టని ఒక పొట్టేలు ఉండేవి.

విల్ఫ్ ఆ తుపాకీ పట్టుకుని మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు వెళ్లి నాలుగేళ్లకు తిరిగొచ్చాడు. తర్వాత రైఫిల్ క్లబ్బు ద్వారా అదే తుపాకీ ఆయన చేతికి మళ్లీ వచ్చింది. (ఎలా వచ్చిందని మూడు తరాలుగా ఎవరూ అడగలేదు. అడగని వాళ్లే ఆ క్లబ్బులో సభ్యులు.)

ఇంతలో మండలి కొత్త ఉత్తరువు తెచ్చింది. పాత సైనిక తుపాకులన్నిటికీ తరగతులు కడతారు. మొదటి తరగతి వస్తే ఇంట్లో ఉంచుకోవచ్చు. రాకపోతే నుగ్గు చేసే యంత్రంలో వేస్తారు. పక్క పొలం ఆసీ బ్రాంఫీల్డ్‌కి మొదటి తరగతి ఇట్టే వచ్చింది. అతని తుపాకీ ఫ్యాక్టరీలో పెట్టిన పెట్టెలోంచి పుట్టి బుద్ధెరిగి బయటికి రాలేదు.

క్లారీ తుపాకీ చూడ్డానికి మండలి నుంచి పెట్టిఫర్ గారు వచ్చారు. నిబంధనల తరఫున ఊరి సార్జెంటు మోయిరా క్విగ్ వచ్చింది. క్లారీ, ఆమె బళ్లో ఒకే బెంచీ.

"తుపాకీ మీదా బోల్టు మీదా ఒకే నంబరు ఉండాలి. రెండూ ఒక్క చూపులో చూస్తే గాని తేల్చను" అన్నారు పెట్టిఫర్.

"రెండూ ఒక గదిలో పెడితే ఇతన్ని నేను స్టేషనుకి తీసుకుపోవాలి" అంది మోయిరా.

"తీసుకుపో. గొర్రెలకు నీళ్లు నువ్వే పెట్టుకో" అన్నాడు క్లారీ.

పెట్టిఫర్ ఉదారంగా ఒక మెట్టు దిగారు. వరండా గదిలో నంబరు చదివి, బుర్రలో పెట్టుకుని షెడ్డుకి బయల్దేరారు. దొడ్డి మధ్యలో పొట్టేలు తన నిబంధన తాను అమలు చేసింది. లేచి దుమ్ము దులుపుకునేసరికి నంబరు బుర్రలో లేదు.

"కాయితమ్మీద రాసుకోండి" అన్నాడు క్లారీ.

"రాస్తే అది నకలవుతుంది. నకలు తుపాకీకి వేరే అనుమతి కావాలి."

"పోనీ బయట పెడదాం. బయలు గది కాదుగా."

"బయటికి తేవాలంటే కాల్చడానికే తేవాలి" అంది మోయిరా. "సేకరణ కింద దాచుకున్న తుపాకీని కాల్చకూడదు."

క్లారీ వెళ్లి ఒక రేకు తెచ్చాడు. షెడ్డు మధ్యలో రెండు గుంజలు పాతి ఆ రేకు కొట్టాడు. మోయిరా దాన్ని బూటుతో తన్ని చూసి "గోడే" అని ధ్రువీకరించింది. గదిలోంచి గదికి మార్చడం బయట పెట్టడం కాదని కూడా ఒప్పుకుంది. రేకుకి ఇవతల తుపాకీ, అవతల బోల్టు. పెట్టిఫర్ నూనె డబ్బా ఎక్కి, రేకు మీద గడ్డం ఆనించి, ఒక కన్ను అటూ ఒక కన్ను ఇటూ వేశారు.

"ఇప్పుడాయన తల ఏ గదిలో ఉన్నట్టు?" అంది మోయిరా.

"తలలకు నిబంధన లేదు" అన్నారు పెట్టిఫర్ పైనుంచి. (ఇది మండలికి మొదట్నుంచీ ఉన్న సౌకర్యమే.)

నంబర్లు కలిశాయి. క్లారీ ఊపిరి పీల్చుకున్నాడు. పెట్టిఫర్ డబ్బా దిగి, భుజానికి ఆనించే చెక్క మీద వేలు పెట్టారు. అక్కడ చెక్కలో గోరంత ఇనప ముక్క దిగబడి ఉంది.

"ఇదేమిటి?"

"ఫిరంగి గుండు పేలిన ముక్క. మా తాత డొక్కలో దిగాల్సింది, చెక్కలో దిగింది."

పెట్టిఫర్ ముఖం చిన్నబోయింది. "అయితే ఈ తుపాకీని యుద్ధంలో వాడారన్నమాట."

"సైన్యం తుపాకీ. ఇంకెక్కడ వాడతారు?"

"యుద్ధంలో వాడినవి పాడైన సరుకు కింద లెక్క, టోల్‌హర్స్ట్ గారూ. రెండో తరగతి. చెక్కకు నష్టం స్పష్టంగా కనిపిస్తోంది."

"ఆ నష్టం లేకపోతే నేను లేను."

"మీ ప్రస్తావన ప్రమాణాల్లో లేదండి."

క్లారీ ఆ ఇనప ముక్కను బొటనవేలితో తడిమాడు. చిన్నప్పుడు తాత ఒళ్లో కూచుని తడిమిన ముక్కే.

"వాడకం వల్ల వచ్చిన దెబ్బలన్నీ తప్పేనా?" అంది మోయిరా, పైకప్పు కేసి చూస్తూ.

"అలా ఎందుకంటాం? ఎలుకలు, చెదలు, పిల్లలు, పొలం పనులు క్షమార్హం."

"మా నాన్న సుత్తి కనబడకపోతే చేతికి ఏది దొరికితే దాంతో మేకులు కొట్టేసేవాడు" అంది మోయిరా. "మీ తాత కూడా అంతేననుకుంటా, కదా క్లారీ?"

క్లారీ రేకు గోడ కేసి చూశాడు. ఒకవైపు తాత తుపాకీ. ఇంకోవైపు తాత మాట. రెండూ ఒకే గదిలో ఉంచడానికి వీల్లేదు.

"అంతే" అన్నాడు నేల చూస్తూ. "కంచె వేస్తుంటే దిగింది."

పెట్టిఫర్ గారి ముఖం వెలిగింది. "యుద్ధంలో వాడిన ఆనవాళ్లు లేవు" అని పైకి చదువుతూ మొదటి తరగతి ముద్ర వేశారు. క్లారీ చెయ్యి పట్టుకుని ఊపారు కూడా.

అక్కడితో అయిపోతే బాగుండును. కానీ మన దేశంలో ఆఫీసులు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం ఆ ఏడే మొదలైంది. తుపాకీ యుద్ధం చూడలేదంటే, దాన్ని మోసిన మనిషీ చూడనట్టేనని స్మారక శిలల సవరణ విభాగం తర్కించింది. ఊరి మధ్య, యుద్ధానికి వెళ్లిన వాళ్లందరి పేర్లూ చెక్కిన స్మారకం మీద విల్ఫ్ పేరు చెరిపెయ్యడానికి ఉలితో మనిషిని పంపింది. మర్యాదస్తుడు, ఉలి తనదే తెచ్చుకున్నాడు. అయితే రాయి కూడా మొదటి తరగతే. దాని మీద కొత్త దెబ్బ పడితే తరగతి పోతుంది. అందుకని పేరు అలాగే ఉంచి, కింద చిన్న ఇత్తడి రేకు అంటించి పోయాడు: "తుపాకీ వాంగ్మూలం మేరకు, ఈయన వెళ్లలేదు."

ఏప్రిల్‌లో, యుద్ధాలకు వెళ్లిన వాళ్లను తలుచుకునే ఆంజాక్ దినం నాడు, తెల్లవారుజామున, ఊరంతా ఆ రాయి ముందు నిలబడింది. క్లారీ తాత పతకాలు, వారసుల ఆనవాయితీ ప్రకారం, కుడివైపు రొమ్మున పెట్టుకుని వచ్చాడు. బూర ఊదడం అయ్యాక ఆసీ బ్రాంఫీల్డ్ వంగి ఇత్తడి రేకు చదివాడు.

"ఏమోయ్ క్లారీ, మరి నాలుగేళ్లు ఫ్రాన్సులో ఏం చేశాడోయ్ మీ తాత?"

"కంచె వేశాడు."

"నాలుగేళ్లా?"

"పొడుగు కంచె."

"ఎవరి గొర్రెలకి?"

క్లారీ రాయి మీది మిగతా పేర్ల కేసి చూశాడు. వాటిలో సగం తిరిగిరాని వాళ్లవి.

"ఆ ముక్క వాళ్లకీ ఎవరూ చెప్పలేదట" అన్నాడు.