ఈకల గాలం

ఆ ఉదయం వీరబాబు చెయ్యవలసింది ఒక్కటే పని. కల్లంలో అర ఎకరం మేర ఎండిన మిరపకాయల్ని మధ్యాహ్నంలోగా కూలీల చేత బస్తాలకెత్తించాలి. సముద్రం వైపు మబ్బు పడుతోంది. కాయ తడిస్తే ఏడాది కష్టం బురదపాలే. అలాంటప్పుడు ఆ మహానుభావుడు సాల్మన్ గాలానికి ఫోటో తీయబోయాడు.

సాల్మన్ అనేది చలిదేశాల చేప. దాన్ని మోసం చెయ్యడానికి పూర్వం దొరలు గాలపు ముల్లుకి రంగురంగుల ఈకలు, పట్టుదారం, వెండితీగ చుట్టి పురుగులాంటిది కట్టేవారట. ఒంగోలు చుట్టుపక్కల ఆ చేప లేదు. వీరబాబు జన్మలో చేపలు పట్టలేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! ఫోన్లో వీడియోలు చూసి, పుంజు ఈకలూ రాలిన నెమలి ఈకలూ పోగేసి, అలాంటి ఒక్క గాలంతో మూడు వారాలు కుస్తీ పట్టాడు. ఇక మానేశానని భార్య లక్ష్మీదుర్గకు ఒట్టు కూడా వేశాడు.

ఎర్రటి కాయల మీద బాగుంటుందని గాలాన్ని అక్కడ పెట్టి, ఫోన్ కోసం ఇంటికెళ్లాడు. తిరిగొచ్చేసరికి కూలీలంతా కల్లం గట్టునే నిలబడిపోయారు. కోడి ఈక, ఎర్రదారం, ఇనపముల్లు. ఇంకేం కావాలి? ఎవరో చేతబడి చేశారని తేల్చేశారు. గట్టు తగాదా ఉంది కాబట్టి అది పక్కచేను చెంచురామయ్య పనేనన్నారు. నాదేనని చెప్పాల్సిన వీరబాబు పక్కనే ఉన్న భార్యను చూసి నోరు మెదపలేదు. కబురందిన చెంచురామయ్య ఊగిపోతూ వచ్చి, నింద వేసినవాళ్లు తప్పయిందనేదాకా కదలనని దారికి అడ్డంగా ట్రాక్టరు పెట్టాడు. మబ్బు నెత్తిమీదికొచ్చింది.

"అది నేను కట్టిందే," అన్నాడు వీరబాబు చివరికి.

ఎవరూ నమ్మలేదు. కూలీల మేస్త్రి సుబ్బరావమ్మ జాలిపడింది. "తగాదా తీరాలని నెత్తినేసుకుంటున్నావు గానీ బాబూ, బుద్ధున్నోడెవడన్నా ఇట్టాంటిది కడతా కూర్చుంటాడా?"

లక్ష్మీదుర్గ ఇంటికెళ్లి, మంచం కింద వెతికి, ఈకల డబ్బా తెచ్చి మొగుడి ముందు పడేసింది. "కట్టండి. అందరూ చూస్తారు."

వీరబాబు మొదలెట్టాడు. మొదటి ఈక వెల్లకిలా పడింది. రెండోది ఊడి చెంచురామయ్య మీసానికి అంటుకుంది. ముడి బిగించబోతే దారం తెగి, ముల్లు బొటనవేల్లో దిగింది.

సుబ్బరావమ్మ కొంగు నడుముకి దోపుకుంది. "రండే, పోదాం. చేతబడి చేసేవాడికి చేతిలో పనితనమన్నా ఉంటది."

అందరూ కల్లంలోకి దిగారు. చెంచురామయ్య నవ్వాపుకోలేక ట్రాక్టరు తీసి, తనూ ఓ టార్పాలిన్ పట్టా అంచు పట్టుకున్నాడు. బస్తాలకెత్తే వేళ మించిపోయినా, వాన దిగేలోపు కాయంతా పట్టాల కిందికి చేరింది.

వీరబాబు పనితనానికి ఎవరైనా విలువిచ్చారంటే, అది చేతబడి అనుకున్న ఆ గంటసేపే.