మట్టెవాడ హోంలో దీక్ష

సారంగపాణి ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. మట్టెవాడలోని వృద్ధుల హోంకు వెళ్ళడం, కొత్త కాంట్రాక్టరు పంపే భోజనం రుచి చూడడం, బాగుందని సంతకం పెట్టడం, ఇంటికొచ్చి కాసేపు కునుకు తీయడం.

ఎనభైల తొలి రోజులవి. వరంగల్ సంక్షేమ శాఖలో అతను చేసే ఉద్యోగమేమిటో అత్తగారు సోమక్కకు ఏనాడూ అర్థం కాలేదు.

"వంట చెయ్యవు, మందులియ్యవు, బట్టలు పిండవు. మరి ఆ ముసలోళ్ళ కాడ నీదేం పని అల్లుడా?" అని ఆ పొద్దున కూడా అడిగింది.

"అవన్నీ చేసేటోళ్ళను పెడ్త అత్తా. మంచిగ చేస్తాండ్రా లేదా చూస్త."

"గంతేనా? దానికి జీతం గూడ ఇస్తాండ్రా?"

జీతం ఇస్తున్నారు. కానీ ఈసారి కాంట్రాక్టరును పెట్టింది సారంగపాణి కాదు. పై అధికారి లింగమూర్తి ముందే మాటిచ్చేశాడు. కేసముద్రంలో మిల్లు నడిపే రాజేశ్వర్ రావు, వరంగల్ స్టేషన్ దగ్గర కొత్తగా మెస్ తెరిచాడు. హోంకు అన్నం ఇక అక్కడి నుంచే వస్తుంది. ఇన్నేళ్ళుగా హోంలోనే వండి పెడుతున్న మొగిలమ్మకు ఇక పని ఉండదు. "ఉత్త ఫార్మాలిటీనయ్యా, సంతకం పెట్టి రా" అన్నాడు లింగమూర్తి.

హోం అంటే అద్దెకు తీసుకున్న పాత పెంకుటిల్లు, ముందు ఇనుప గేటు. సారంగపాణి వెళ్ళేసరికి అందరూ వాకిట్లో ఎండకు కూర్చున్నారు. వాళ్ళకు పెద్ద లచ్చవ్వ. జీవితమంతా మరమగ్గాల రొదలో మాట్లాడిన మనిషి కనుక, ఆమె గుసగుసలాడినా వీధి చివరికి వినిపిస్తుంది. పక్కనే కొమురెల్లి. డోర్నకల్ స్టేషన్‌లో మూటలు మోసి, ఇంజన్ల కూతలకు వినికిడి పోగొట్టుకున్నాడు. అయినా అందరికంటే ముందు తనకే విషయం తెలుస్తుందని అతని నమ్మకం.

సారంగపాణి గొంతు సవరించుకున్నాడు. "రేపట్నుంచి మీ తిండి బాధ్యత కేసముద్రం రాజేశ్వర్ రావు గారికి అప్పజెప్తున్నం."

ఇందులో కొమురెల్లికి వినబడినవి రెండే మాటలు. "వినుండ్రి! మనల్ని కేసముద్రంల ఎవనికో అప్పజెప్తాండ్రంట!"

వాకిలంతా గొల్లుమంది. సారంగపాణి "అది కాదు తాతా" అనేలోపే లచ్చవ్వ లేచింది.

"మేమేమన్న మిరపకాయ బస్తాలమా, కేసముద్రం యార్డుల దించుతందుకు? మొగిలీ, తాళం పట్రా!"

గేటుకు లోపలి నుంచి తాళం పడింది. తాళంచెవి లచ్చవ్వ కొంగు ముడిలోకి పోయింది. సారంగపాణి కూడా లోపలే ఉన్నాడన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

సరిగ్గా అప్పుడే బయట రిక్షా ఆగింది. రాజేశ్వర్ రావు గిన్నెలతో స్వయంగా దిగి, తన పేరు చెప్పుకున్నాడు.

"రేపు తీస్కపోతరంటే ఇయ్యాల్నే దిగిండు!" అని అరిచింది లచ్చవ్వ. మంచాలు లాక్కొచ్చి గేటుకు అడ్డం పెట్టారు.

"అవ్వా, నేను అన్నం తెచ్చిన!" అన్నాడు రాజేశ్వర్ రావు బిత్తరపోయి.

"నీ అన్నం మేం ముట్టం, పో!"

ఈ ఒక్క మాట వీధికి చాలింది. ఎదురుగా హోటల్లో చాయ్ తాగుతున్నవాళ్ళు ముసలోళ్ళు అన్నం మానేశారన్నారు. చౌరస్తాకు చేరేసరికి అది నిరాహార దీక్ష అయింది. ఆఫీసుకు చేరేసరికి, దీక్షలో సారంగపాణి కూడా కూర్చున్నాడు.

లోపల మాత్రం మొగిలమ్మ మామూలు వేళకే అన్నం వండి, పచ్చిపులుసు చేసి, అందరికీ వడ్డించింది. సారంగపాణి కంచం ముందు కూర్చునే అసలు సంగతి విడమర్చి చెప్పాడు. ఎవరూ ఎక్కడికీ పోనక్కరలేదు. అన్నం బయటి నుంచి వస్తుంది, అంతే. లచ్చవ్వ పడీ పడీ నవ్వింది. కొమురెల్లి తాను ముందే అదే చెప్పానన్నాడు. మొగిలమ్మ మాత్రం గంటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆమెను చూసి లచ్చవ్వ నవ్వు ఆగింది.

"అయితే ఆయన తెచ్చింది ఎట్లుందో చూద్దాం సారూ" అంది.

గేటు బయటే ఇంకా కాచుకుని ఉన్న రాజేశ్వర్ రావు దగ్గర, సందులోంచి గిన్నె అందుకుని సారంగపాణి నాలుగు ముద్దలు తిన్నాడు. అన్నం పిండి ముద్దలా ఉంది. చారు ఉత్త వేడినీళ్ళు.

"ఇందులో ఉప్పు లేదేందండీ?"

"ముసలోళ్ళకు ఉప్పెందుకు, కారమెందుకు సార్? నోట్లె పండ్లే లెవ్వు, రుచి ఏం తెలుస్తది?" అన్నాడు రాజేశ్వర్ రావు.

"పండ్లు పొయినయ్ గని నాలుక పోలేదు కొడుకా!" అంది లచ్చవ్వ. కొంగు ముడి ఇంకాస్త బిగించింది.

అంతలో జీపులో లింగమూర్తి దిగాడు. వీధి నిండా జనం. ఆయనకు చెమటలు పట్టాయి.

"సారంగపాణీ! ఏందయ్యా ఈ తమాషా? వాళ్ళకేదో తప్పు అర్థమైందని చెప్పి, తాళం తీయించు."

సారంగపాణి గేటు దగ్గరకొచ్చాడు. పాల్వంచకో భద్రాచలానికో బదిలీ కళ్ళ ముందు కనిపించింది. వెనక్కి తిరిగి చూస్తే మొగిలమ్మ ఇంకా గంటెతోనే నిలబడి ఉంది.

"పొద్దున తప్పుగనే అర్థమైంది సార్. ఇప్పుడు సరిగ్గ అర్థమైంది."

"అంటే?"

"ఈ తిండి బాగుందని నేను సంతకం పెట్టను సార్."

జనం ఈలలు వేశారు. లింగమూర్తి ముఖం కందగడ్డలా అయింది. "మంచి తిండికి వంకలా? ఇటియ్యి, అందరి ముందర నేనే తింట!" అని గిన్నె లాక్కుని పెద్ద ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. మళ్ళీ నమిలాడు. మింగడం కుదరక అలవాటు కొద్దీ పక్కకు చెయ్యి చాపాడు.

"జర ఉప్పుందా?"

వీధంతా ఒక్కసారి ఘొల్లున నవ్వింది. లచ్చవ్వ గేటు సందులోంచి ఉప్పు డబ్బా అందించింది. దాని వెనకే మొగిలమ్మ పచ్చిపులుసు గిన్నె కూడా అందింది. లింగమూర్తి ఇక మాట్లాడకుండా తినడం మొదలుపెట్టాడు. రాజేశ్వర్ రావు మెల్లగా రిక్షా ఎక్కాడు.

మొగిలమ్మ పని ఆమెకే ఉండిపోయింది. కొంగు ముడి విప్పి తాళం తీసే ముందు లచ్చవ్వ సారంగపాణిని ఇంకోసారి కూర్చోబెట్టి, సద్ద రొట్టె తినిపించి మరీ పంపింది.

వారం తిరక్కుండా, పనివేళల్లో నిరాహార దీక్ష చేసినందుకు సంజాయిషీ ఇమ్మని సారంగపాణికి మెమో వచ్చింది. ఆ మధ్యాహ్నం తాను మూడుసార్లు తిన్నానని అతను జవాబు రాశాడు.